చేపల ఒంటి మీద ఎర్ర మచ్చలు: మందు సంచి విప్పే ముందు, విప్పాక

కొల్లేరు చుట్టుపక్కల గానీ, ఆకివీడు, కైకలూరు వైపు గానీ నాలుగు చేపలు తేలాయంటే చాలు, సాయంత్రానికల్లా గట్టు మీదికి మందు వచ్చేస్తుంది. జబ్బేమిటో తేలకముందే మందు, చెరువులో ఎన్ని టన్నులున్నాయో చూడకముందే మోతాదు. అది పని చేస్తే అదృష్టం, చేయకపోతే ఇంకో మందు. ఈ పద్ధతిలో డబ్బు పోతుంది, చేపా పోతుంది. శీలావతి (రోహు), బొచ్చె (కట్లా) చేపల చెరువులో బాక్టీరియా జబ్బు కనిపించిన రోజు నుంచి చేపల పట్టుబడి దాకా ఏ పని ముందు, ఏది వెనక అన్నది వరుసగా చెప్పుకుందాం.

ఒక సంగతి మాత్రం మొదటే మనసులో పెట్టుకోండి. ఎర్ర మచ్చలు, పొట్ట ఉబ్బు తెచ్చే ఏరోమోనాస్ అనే బాక్టీరియా ఎక్కడి నుంచో కొత్తగా వచ్చేది కాదు. మీ చెరువు నీటిలో, అడుగు బురదలో, ఆరోగ్యంగా ఉన్న చేప పేగులో కూడా అది ఎప్పుడూ ఉంటుంది. ఆక్సిజన్ పడిపోయినా, అమ్మోనియా పెరిగినా, వల రాసుకుని పొలుసులు ఊడినా, ఒంటికి పట్టే చేపపేను కొరికినా చేప బలం తగ్గుతుంది, అప్పుడు అది లోపలికి దూరుతుంది. అందుకే కారణాన్ని వదిలేసి మందు మాత్రం పెడితే పది రోజులు ఆగి మళ్ళీ మొదలవుతుంది.

1. చచ్చిన చేపల్ని లెక్కపెట్టండి, నోటుబుక్కులో రాయండి

రోజూ ఉదయం ఒకే సమయానికి చెరువు చుట్టూ తిరిగి తేలిన చేపల్ని తీయించండి. రకం, సైజు, ఎన్ని అన్నది రాయండి. మూడు రోజుల అంకెలు చూస్తే సగం సంగతి బయటపడుతుంది.

మొన్న 4, నిన్న 9, ఇవాళ 22 అంటే అంటు జబ్బు లక్షణం. ఒక్క తెల్లవారుజామున రెండు వందలు తేలి, మర్నాడు ఏమీ లేకపోతే అది ఆక్సిజన్ దెబ్బ. అందులోనూ పెద్ద చేపలు ముందు పోతాయి, నోళ్ళు తెరిచి ఉంటాయి, ఒంటి మీద మచ్చలుండవు. అన్ని రకాలూ, చిన్నా పెద్దా అన్నీ, కప్పలతో సహా గంటల్లో పోతే నీటిలో విషం ఏదో కలిసింది. పక్క చేలో పురుగుమందు కొట్టారేమో కనుక్కోండి. ఈ రెండు చోట్లా యాంటీబయాటిక్‌కు పని లేదు.

తీసిన చేపల్ని మురుగు కాలువలోకి విసరకండి. కాలువ కింద ఉన్న చెరువువాళ్ళు అదే నీరు తోడుకుంటారు. కొంగలు, కాకులు ఎత్తుకెళ్ళి పక్క చెరువులో పడేస్తాయి. గట్టుకు దూరంగా మూడడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి.

2. బతికున్న జబ్బు చేపను పట్టండి

చచ్చి తేలిన చేప మీద మచ్చలు చూసి జబ్బు తేల్చకూడదు. మన వేడికి చచ్చిన రెండు మూడు గంటల్లోనే మొప్పలు తెల్లబడతాయి, పొట్ట ఉబ్బుతుంది, బాక్టీరియా ఒళ్ళంతా పాకుతుంది. అప్పుడు ప్రతి చేపా ఏరోమోనాస్‌తోనే చచ్చినట్టు కనిపిస్తుంది.

గట్టు వారన, మూలల్లో, నీరు వచ్చే తూము దగ్గర విడిగా నిలబడి, చెయ్యి దగ్గరకు వెళ్ళినా పారిపోని చేపలుంటాయి. అవి మీకు కావాల్సినవి. చేతివలతో ఐదారు తీసుకోండి. వాటితో పాటు చెరువు మధ్యలో విసురు వల వేసి, బాగున్నట్టు కనిపించేవి ఒక పదిహేను కూడా చూడండి. చెరువులో ఎంత భాగానికి అంటుకుందో వాటిలో తెలుస్తుంది.

ముందు ఒంటి మీద వేలితో తడుముతూ పేను కోసం చూడండి. చేపపేను చిన్న పప్పుబద్దంత, పారదర్శకంగా, పొలుసుకు అతుక్కుని ఉంటుంది. కదిలితేనే కనిపిస్తుంది. రెక్కల మొదళ్ళలో, గొంతు కింద ఎక్కువ. మన చెరువుల్లో ఎర్ర మచ్చల కేసుల్లో దీన్ని చూడకుండా వదిలేయడమే పెద్ద పొరపాటు. పేను కొరికిన చోట ఎర్రగా చుక్క పడుతుంది, ఆ చుక్కలోంచి ఏరోమోనాస్ దూరుతుంది. పేను ఉండగా యాంటీబయాటిక్ పెట్టడం కుండకు చిల్లి ఉండగా నీళ్ళు పోయడమే. పేను మందు సంగతి మత్స్యశాఖ వాళ్ళతో మాట్లాడి ముందు అది తేల్చండి. దానితో పాటు చెరువులో అక్కడక్కడా వెదురు తడికెలో, చెక్క పలకలో దించి వారానికోసారి పైకి తీసి ఎండబెట్టండి. పేను గుడ్లు గట్టి వస్తువుకు అంటించి పెడుతుంది కాబట్టి అవి వాటితోనే బయటికి వచ్చి ఎండిపోతాయి.

ఇక బయటి లక్షణాలు. రెక్కల మొదళ్ళు, పొట్ట, మలద్వారం ఎర్రబడి, కనుగుడ్లు పొడుచుకొచ్చి, పొట్ట ఉబ్బి, పొలుసులు లేచి నిలబడితే ఏరోమోనాస్ అనుకోవచ్చు. వీపు మీద జీను వేసినట్టు తెల్లగా పాలిపోయిన పట్టీ, దాని అంచున పసుపు జిగురు, మొప్పల కొనలు కుళ్ళి ఊడిపోవడం ఉంటే అది కాలమ్నారిస్ అనే ఇంకో బాక్టీరియా జబ్బు. వేసవిలో, చేపపిల్లల్ని పెంచే పిల్ల చెరువుల్లో, వల లాగిన రెండు మూడు రోజులకు ఇది ఎక్కువగా వస్తుంది. పంగాసియస్ అనే పొలుసులు లేని చేపలో పైకి పెద్దగా ఏమీ కనిపించకుండా మేత మానేసి చచ్చిపోతుంటే లోపల చూడాలి.

చలికాలంలో, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, ఒంటి మీద లోతుగా కండ కనిపించే పుండ్లు పడితే కాస్త ఆగండి. అది ఎపిజూటిక్ అల్సరేటివ్ సిండ్రోమ్ కావచ్చు. దాని మూలం అఫనోమైసిస్ అనే బూజు జాతి జీవి, బాక్టీరియా తర్వాత వచ్చి చేరుతుంది. కొర్రమీనుకు ముందు సోకుతుంది. యాంటీబయాటిక్ ఆ బూజును ఏమీ చేయలేదు. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ తయారు చేసిన సిఫాక్స్ అనే మందు దీనికోసమే వచ్చింది.

3. కోసి చూడండి

చేతులకు గ్లవ్స్ వేసుకోండి. చేతి మీద గీరుడు గాయం ఉంటే ఈ బాక్టీరియాలు మనిషికీ అంటుతాయి, ఎడ్వర్డ్‌సియెల్లా అనే బాక్టీరియా మరీనూ.

బతికున్న జబ్బు చేప తల మీద గట్టిగా కొట్టి, మలద్వారం నుంచి గొంతు దాకా పొట్ట వారన కత్తెరతో కోయండి. పేగు తెగకూడదు. తెగితే అందులోని బాక్టీరియా అంతా కలిసిపోయి ల్యాబ్ నమూనా చెడిపోతుంది. పొట్టలో పలచటి ఎరుపు లేదా పసుపు నీరు కారిందా, కాలేయం పాలిపోయి రక్తపు చుక్కలున్నాయా, ప్లీహం నల్లబడి ఉబ్బిందా, పేగు ఖాళీగా ఉండి పసుపు జిగురుతో నిండిందా చూడండి. శీలావతిలో గాలి తిత్తి రెండు బుడగలుగా ఉంటుంది. ఆ రెండింటి నడుమ సన్నబడిన చోట, వెన్నెముకకు ఆనుకుని ముదురు ఎరుపు ముద్ద కనిపిస్తుంది. అదే మూత్రపిండం. ల్యాబ్ వాళ్ళు బాక్టీరియాను పెంచేది అక్కడి నుంచి తీసిన నమూనాతోనే.

పంగాసియస్ కాలేయం, ప్లీహం, మూత్రపిండం మీద తెల్లటి చుక్కలు చల్లినట్టుంటే ఎడ్వర్డ్‌సియెల్లా ఇక్టలూరి అనుమానం. కండలో గాలి బుడగలతో కూడిన పుండు కోయగానే కుళ్ళు వాసన కొడితే ఎడ్వర్డ్‌సియెల్లా టార్డా. మొప్ప ముక్క, ఒంటి జిగురు గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూస్తే సన్నగా పొడుగ్గా ఉండే కడ్డీలు గడ్డివాముల్లా గుంపు కట్టి ఊగుతుంటే కాలమ్నారిస్ అని పక్కాగా చెప్పొచ్చు. అదే పలక మీద మొప్ప పురుగులు, తెల్ల గుల్లలు కనిపిస్తే జబ్బు పరాన్నజీవిది.

4. మేత ఆపండి, నీరు చూడండి, నమూనా పంపండి

ఈ మూడూ ఒకే రోజు చేయాలి.

మేత ఒక రోజు పూర్తిగా ఆపండి. కోళ్ళ పెంట, పేడ, యూరియా, సూపర్ ఫాస్ఫేట్ ఏదైనా వేస్తుంటే అవీ ఆపండి. తినని డీఓబీ (నూనె తీసిన తవుడు) అడుగున కుళ్ళి ఆక్సిజన్‌ను లాగేస్తుంది. మేత ఆపితే చేప బరువు తగ్గుతుందన్న భయం వద్దు, ఒక్క రోజుకు ఏమీ కాదు. పైగా ఆకలి మీదున్న చేప తర్వాత పెట్టే మందు మేతకు త్వరగా వస్తుంది.

తెల్లవారుజామున ఐదింటికి ఆక్సిజన్ కొలవండి. లీటరుకు 4 మి.గ్రా. పైన ఉండాలి. 3 కంటే దిగితే నీటిలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా నడపాల్సిందే. ఏరేటర్ లేకపోతే ఇంజను పెట్టి నీటిని పైకి చిమ్మించండి, కాలువలో మంచి నీరుంటే అడుగు నీరు వదిలి పై నీరు కొంత మార్చండి. పీహెచ్ ఉదయం ఆరింటికీ, మధ్యాహ్నం మూడింటికీ రెండుసార్లు చూడండి. అమ్మోనియా కిట్‌తో పరీక్షించండి.

సున్నం సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. జబ్బు అనగానే సున్నం చల్లడం అలవాటైపోయింది. పీహెచ్ 7 దగ్గర ఉంటే మేలే చేస్తుంది. డెల్టా చెరువుల్లో మధ్యాహ్నానికి పీహెచ్ 8.5 దాటుతుంది. అలాంటి చోట సున్నం వేస్తే పీహెచ్ ఇంకా ఎగబాకి, మామూలుగా ఉన్న అమ్మోనియా విషంగా మారుతుంది. మర్నాడు చావులు పెరిగితే జబ్బు ముదిరిందనుకుంటారు. నిజానికి అది సున్నం దెబ్బ.

ల్యాబుకు పంపేది బతికున్న జబ్బు చేప. ఆక్సిజన్ పట్టిన పాలిథిన్ సంచిలో మూడు నాలుగు పంపండి. కుదరకపోతే అప్పుడే చంపిన చేపను పాలిథిన్‌లో చుట్టి ఐసు మీద పెట్టి ఐదారు గంటల్లో చేర్చండి. ఫ్రీజర్‌లో పెట్టకండి. చెరువు నీరు లీటరు సీసాలో విడిగా ఇవ్వండి. పశ్చిమ గోదావరిలో ఉండి అనే ఊళ్ళో మత్స్య పరిశోధనా కేంద్రం ఉంది, నెల్లూరు వైపు ముత్తుకూరు మత్స్య కళాశాల ఉంది, తెలంగాణలో పెబ్బేరు మత్స్య కళాశాల, ఖమ్మం జిల్లా పాలేరు కేంద్రం ఉన్నాయి. అడగాల్సినవి రెండు: ఏ బాక్టీరియా, ఏ మందుకు లొంగుతుంది. రెండోదాన్ని సెన్సిటివిటీ పరీక్ష అంటారు. బాక్టీరియా పెరిగిన పళ్ళెంలో మందు బిళ్ళలు పెడితే, లొంగే మందు చుట్టూ ఖాళీ గుండ్రం ఏర్పడుతుంది. మొత్తం రెండు మూడు రోజులు పడుతుంది. ఈ లోపు మేత ఆపడం, నీరు సరిచేయడం జరుగుతూనే ఉంటుంది కాబట్టి కాలం వృథా కాదు. చాలా చెరువుల్లో ఈ రెండు మూడు రోజుల్లోనే చావులు దిగడం మొదలవుతుంది. దిగితే యాంటీబయాటిక్ జోలికే పోవద్దు.

5. కాలమ్నారిస్ అయితే పర్మాంగనేట్

ఇది ముఖ్యంగా చర్మం, మొప్పల మీద ఉండే జబ్బు కాబట్టి మొదట్లో పట్టుకుంటే పొటాషియం పర్మాంగనేట్ సరిపోతుంది. మోతాదు 2 పీపీఎం (లీటరు నీటికి 2 మి.గ్రా.) అని అందరూ చెప్తారు. మూడడుగుల లోతున్న ఎకరం పిల్ల చెరువులో సుమారు 3,700 ఘనపు మీటర్ల నీరుంటుంది, 2 పీపీఎం అంటే 7.4 కిలోలు. కానీ చిక్కేమిటంటే, పచ్చగా చిక్కగా ఉన్న నీటిలో ఆ మందును చేప కంటే ముందు నీటిలోని మురుగు తినేస్తుంది. గులాబీ రంగు పది నిమిషాల్లో బురద రంగుకు మారితే మీ ఏడు కిలోలు గంగలో కలిసినట్టే.

అందుకే ముందు ఒక పరీక్ష చేయండి. ఒక గ్రాము పర్మాంగనేట్‌ను లీటరు శుభ్రమైన నీటిలో కరిగించండి. ఐదు గాజు సీసాల్లో లీటరు చొప్పున చెరువు నీరు తీసుకుని, వాటిలో వరుసగా 1, 2, 3, 4, 6 మిల్లీలీటర్ల ద్రావణం పోయండి. అవే ఆ సీసాల పీపీఎంలు. పదిహేను నిమిషాల తర్వాత గులాబీ రంగు ఇంకా నిలిచిన సీసాల్లో అన్నిటికన్నా తక్కువ అంకె ఉన్నది చూడండి. దాన్ని 2.5తో గుణిస్తే మీ చెరువుకు కావాల్సిన పీపీఎం. మొదటి సీసాలోనే రంగు నిలిస్తే 2.5 పీపీఎం. 3 మి.లీ. పోసిన సీసాకు ముందు వేటిలోనూ రంగు నిలవకపోతే ఆ నీటికి పర్మాంగనేట్ దండగ, ముందు నీరు మార్చుకోండి.

ఎండ ఎక్కకముందు, ఏరేటర్లు నడుస్తుండగా, బాగా కరిగించి పడవ మీద తిరుగుతూ చల్లాలి. కరగని పలుకులు అడుగున పడితే చేప నోట్లో పెట్టుకుని మొప్పలు కాల్చుకుంటుంది. ఫార్మలిన్‌తో కలపకండి. చల్లాక పచ్చదనం చచ్చి ఆ రాత్రి ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఏరేటర్లు ఆపొద్దు. పది, ఇరవై ఎకరాల పెద్ద చెరువుకు ఇది ఖర్చు తట్టుకోలేని పని. పిల్ల చెరువులకే పెట్టుకోండి.

6. యాంటీబయాటిక్: ఏది, ఎంత

చావులు పెరుగుతూనే ఉన్నాయి, బాక్టీరియా అని ల్యాబ్ చెప్పింది, చేపలు ఇంకా కాస్తో కూస్తో మేతకు వస్తున్నాయి. ఈ మూడూ కలిసినప్పుడే ఈ మెట్టు ఎక్కండి. మూడోది చాలామంది మర్చిపోతారు. మందు మేతలోనే పోవాలి కాబట్టి మేత మానేసిన చేపకు మందు అందదు. చెరువులో 80 శాతం చేపలు మేతకు రాని దశలో ఎన్ని కిలోలు కలిపినా అది బురదకే.

ఆక్సీటెట్రాసైక్లిన్‌కు ల్యాబ్ రిపోర్టు అనుకూలంగా ఉంటే మోతాదు ఇలా: కిలో చేప బరువుకు రోజుకు 55 నుంచి 80 మి.గ్రా. అసలు మందు, వరుసగా 10 రోజులు. మళ్ళీ చెప్తున్నాం, చేప బరువుకు. ఎకరానికి ఇంత, కిలో మేతకు ఇంత అని చెప్పే లెక్కలతో ఏమవుతుందో కింద చూడండి.

పదెకరాల చెరువు అనుకుందాం. శీలావతి 20,000 బతికున్నాయి, వల వేసి 30 తూస్తే సగటు 700 గ్రాములు. బొచ్చె 2,000, సగటు కిలో. మొత్తం 14,000 + 2,000 = 16,000 కిలోలు. కిలోకు 60 మి.గ్రా. చొప్పున రోజుకు 960 గ్రాముల అసలు మందు. పదిరోజులకు 9.6 కిలోలు. మీరు కొన్న పొడి మీద 20 శాతం అని ఉంటే ఐదు రెట్లు, అంటే రోజుకు 4.8 కిలోల పొడి, పదిరోజులకు 48 కిలోలు. జబ్బు చెరువు కాబట్టి మేత చేపల మొత్తం బరువులో ఒకటిన్నర శాతమే, రోజుకు 240 కిలోలు. కిలో మేతకు 20 గ్రాముల పొడి పడింది.

ఇప్పుడు "కిలో మేతకు ఐదు గ్రాములు కలుపు చాలు" అన్న మాట విని అదే పొడి ఐదు గ్రాములు కలిపారనుకోండి. చేపకు చేరేది కిలోకు 15 మి.గ్రా. కావాల్సినదాంట్లో నాలుగో వంతు. బలహీనమైన బాక్టీరియా చస్తుంది, గట్టిది బతికి పిల్లలు పెడుతుంది. వచ్చే ఏడు ఆ చెరువులో ఆ మందు పని చేయదు.

ఆక్సీటెట్రాసైక్లిన్‌కు ఇంకో గుణం ఉంది. కాల్షియం, మెగ్నీషియం కనిపిస్తే వాటిని పట్టుకుని పేగులో కదలకుండా కూర్చుంటుంది. అసలే శీలావతి లాంటి కార్ప్ చేపల పేగు ఈ మందును తక్కువే పీల్చుకుంటుంది. కాబట్టి ఈ పదిరోజులూ మేతలో మినరల్ మిక్చరు, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్), సున్నపు పొడి ఏదీ కలపకండి. "బలం కోసం" అని మందుతో పాటు మినరల్ కలపడం రోజూ చూసే తప్పు. మందును నీటిలో కలిపి చెరువులో చల్లడం కూడా ఇందుకే పనికిరాదు. నీటి కాఠిన్యం దాన్ని కట్టేస్తుంది, ఎండ విరిచేస్తుంది, మిగిలింది అమ్మోనియాను తినే మంచి బాక్టీరియాను దెబ్బకొడుతుంది.

మెడికల్ షాపు అమాక్సిసిలిన్ క్యాప్సూళ్ళు విప్పి కలిపేవాళ్ళున్నారు. ఏరోమోనాస్‌కు ఆంపిసిలిన్ జాతి మందులను విరిచే గుణం పుట్టుకతోనే ఉంది. ఆ డబ్బు పూర్తిగా వృథా.

వాడకూడని వాటి పేర్లు నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి: క్లోరామ్‌ఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు (ఫ్యూరజోలిడోన్ ఇందులోదే), మెట్రోనిడజోల్, నియోమైసిన్, నాలిడిక్సిక్ ఆసిడ్, సల్ఫామెథాక్సజోల్, ఎన్రోఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి ఫ్లోరోక్వినలోన్లు. చేపలు, రొయ్యల పెంపకంలో ఇవి నిషేధం. కోళ్ళ మందుల షాపులో ఎన్రోఫ్లాక్సాసిన్ సీసా తేలిగ్గా దొరుకుతుంది, చేపకూ పని చేస్తుందని అంటగడతారు. పని చేయడం వేరు, వాడొచ్చు అనడం వేరు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను 2019లోనే తిండి జంతువులన్నిటికీ ఆపేశారు. పేరు లేని "గట్ టానిక్", "గ్రోత్ బూస్టర్" డబ్బాల మీద కూర్పు రాసి లేకపోతే కొనకండి. ఆక్సీటెట్రాసైక్లిన్ అయినా చేపల డాక్టరు రాసిన చీటీ మీదే తీసుకోండి, ఆ చీటీ దాచుకోండి.

7. మందు మేతకు పట్టించడం

ఈ పదిరోజులకు గుళికల మేత కొనగలిగితే అదే మేలు. నీడలో టార్పాలిన్ మీద 40 కిలోలు పరవండి. 800 గ్రాముల పొడిని లీటరు వంట నూనెలో ఉండలు లేకుండా కలిపి, కొద్దికొద్దిగా చల్లుతూ చేతులతో తిరగేయండి. అరగంట నీడలోనే ఆరనివ్వండి. ఎండలో వద్దు, ఈ మందు వెలుగుకు పాడవుతుంది. పట్టిందో లేదో తెలుసుకోవాలంటే గుప్పెడు గుళికలు గాజు గ్లాసు నీటిలో వేయండి. ఐదు నిమిషాల్లో నీరు పసుపెక్కితే మందు మేతను వదిలేస్తోంది. నూనె కాస్త పెంచండి, లేదా పలచటి మైదా గంజి కాచి, పూర్తిగా చల్లారాక దానితో పట్టించండి. వేడి గంజిలో మందు వేయకండి.

డీఓబీ, నూనెగింజల చెక్కే పెట్టాల్సి వస్తే పొడిని ఒకేసారి 240 కిలోల్లో కుమ్మరించి పారతో తిప్పకండి. ముందు 5 కిలోల తవుడులో, దాన్ని 25 కిలోల్లో, దాన్ని మొత్తంలో కలపాలి. లేకపోతే ఒక సంచిలో రెట్టింపు మందు, ఇంకో సంచిలో శూన్యం. చల్లారిన గంజి చిలకరించి ముద్ద కట్టేలా చేసి, చెరువులో వేలాడగట్టే చిల్లుల మేత సంచుల్లో నింపండి. మామూలుగా 60 సంచులు కడితే ఈసారి 80 కట్టి, ఒక్కోదాంట్లో తక్కువ పెట్టండి. ఒకే చోట ఎక్కువ మేత ఉంటే బలమున్న చేపలు తోసుకుని తినేస్తాయి, జబ్బు చేప వెనకే ఉండిపోతుంది. సంచిలో మందు గంటగంటకూ నీటిలోకి కారిపోతుంది కాబట్టి గంటన్నరలో ఖాళీ అయ్యేంతే నింపాలి. రెండు గంటల తర్వాత సంచి ఎత్తి చూసి మిగిలింది తూయండి. మిగిలినంత మందు చేపకు అందలేదన్నమాట.

మందు మేత రోజులో మొదటి మేతగా, ఎండెక్కి ఆక్సిజన్ పెరిగాక, ఎనిమిది తొమ్మిది గంటల మధ్య పెట్టండి. అది తిన్నాకే మరేదైనా. బొచ్చె నీటిలోని పాచి, సూక్ష్మజీవులను ఎక్కువగా తింటుంది కాబట్టి దానికి మందు తక్కువ అందుతుంది, బొచ్చెల్లో చావులు ఆగడం ఆలస్యమైతే కంగారు పడకండి.

8. పదిరోజుల్లో ఏం చూడాలి

నాలుగో రోజుకు చావుల లెక్క తగ్గుముఖం పట్టాలి. పట్టాక ఐదో రోజే మందు ఆపేయడం మనవాళ్ళ అలవాటు. లోపల మిగిలిన బాక్టీరియా మందు రుచి చూసి బతికింది. అది మళ్ళీ లేస్తే ఇదే మందుకు లొంగదు. పదిరోజులూ పూర్తి చేయండి.

ఐదో రోజుకూ చావులు పెరుగుతుంటే మోతాదు రెట్టింపు చేయకండి, ఇంకో యాంటీబయాటిక్ కలపకండి. ఎక్కడో లెక్క తప్పింది. సంచుల్లో మేత మిగులుతోందా, పేను ఉందా, తెల్లవారుజామున ఆక్సిజన్ ఎంత, పొడి మీద శాతం సరిగ్గా చదివారా, ఈ నాలుగూ మళ్ళీ చూసి, కొత్త జబ్బు చేపను మళ్ళీ ల్యాబుకు పంపండి.

ఈ పదిరోజులూ వల లాగడం, సైజు చూడడం, పిల్ల వదలడం వద్దు. ఈ చెరువులో తిరిగిన వల పక్క చెరువులో వేయాలంటే బాగా కడిగి రెండు రోజులు ఎండలో ఆరేయాలి.

9. పట్టుబడికి ముందు

చివరి మందు మేత పెట్టిన మర్నాటి నుంచి రోజులు లెక్కించండి. ఆక్సీటెట్రాసైక్లిన్‌కు 21 రోజులు అన్నది అమెరికాలో లేబుల్ మీద ఉండే లెక్క. యూరప్‌లో ఇంకో పద్ధతి ఉంది: రోజూ నీటి ఉష్ణోగ్రతను కూడుతూ పోయి మొత్తం 500 దాటాలి. 28 డిగ్రీల నీటిలో 18 రోజులకు ఆ లెక్క తీరుతుంది, 22 డిగ్రీల చలికాలపు నీటిలో 23 రోజులు పడుతుంది. చల్లటి నీటిలో చేప ఒంట్లోంచి మందు నెమ్మదిగా పోతుంది, అందుకే ఈ తేడా. రెండు లెక్కల్లో ఏది ఎక్కువైతే అది పాటించండి, దాని మీద ఇంకో వారం ఆగగలిగితే మంచిదే. మన దేశంలో చేప కండలో ఆక్సీటెట్రాసైక్లిన్ కిలోకు 0.1 మి.గ్రా. దాటకూడదు.

అప్పుల ఒత్తిడికో, రేటు బాగుందనో పన్నెండో రోజే లారీ ఎక్కించేస్తే దాని దెబ్బ ఒక్కరితో ఆగదు. ఇక్కడి సరుకు ఎక్కువగా పోయేది కోల్‌కతాకూ, అస్సాంకూ. 2018లో చేపలు పాడవకుండా ఫార్మలిన్ కలుపుతున్నారన్న గొడవ లేచినప్పుడు అస్సాం ఆంధ్ర చేపల్నే కొన్నాళ్ళు ఆపేసింది. ఎవరి చెరువు చేపో అక్కడ ఎవరూ అడగలేదు.

నోటుబుక్కులో చెరువు నంబరు, మందు పేరు, బ్యాచ్ నంబరు, శాతం, రోజుకెంత, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, పట్టుబడి ఏ రోజు తర్వాత అన్నవి ఉండాలి. అదే తేదీ గట్టు మీద షెడ్డు గోడకు పెద్దక్షరాలతో రాయించండి, మీరు ఊళ్ళో లేనప్పుడు బేరగాడు వచ్చినా కాపలా మనిషికి తెలుస్తుంది.

మిగిలిన మందు పొడిని గాలి దూరని నల్ల డబ్బాలో పెట్టి చీటీ అంటించండి. కలిపి మిగిలిన మేతను పక్క చెరువులో వేయకండి, కోళ్ళకూ బాతులకూ పెట్టకండి. చచ్చిన చేపల కోసం తీసిన గొయ్యిలోనే వేసి మట్టి కప్పేయండి.